ఎంగిలి వరుస

"బిడ్డా, జర ఇంటికి వచ్చిపోతవా? అక్క ఫోన్ల ఏందో అయితాంది. నాకు సమజైతలేదు."

కాజీపేట నుంచి ఆంటీ ఫోన్. ఆ రోజు ఆఫీసుకు సెలవు, మా బట్టల దుకాణంలో నాన్నకు సాయంగా కూర్చున్నాను. అక్క పోయి ఇంకా నెల కూడా కాలేదు. పోయిన మనిషి ఫోన్లో కొత్తగా ఏమైతది, నా బొంద, అనుకున్నాను. అనుకున్నాక ఆ మాటకు నన్ను నేనే తిట్టుకుంటూ ఆటో ఎక్కాను.

అక్క అంటే నా తోడబుట్టినది కాదు. హనుమకొండలో మాది చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు. ఫోన్లలో వాడే యాప్‌లు తయారుచేస్తాం. అందులో నాకంటే చాలా ముందు నుంచి పనిచేసిన మనిషి, నాకు పని నేర్పిన మనిషి. ఆఫీసులో ఆమెకు పేరుండేది గానీ ఎవరూ వాడేవారు కాదు. మేనేజరు కూడా "అక్కను పిలువుండ్రి" అనేవాడు. ఆంటీ ఆమె తల్లి.

వాళ్ల ఇల్లు రైలు పట్టాలకు బాగా దగ్గర. గూడ్సు బండి పోతుంటే వంటింట్లో గిన్నెలు గలగలలాడతాయి. ఆ ఇంట్లో ఒక అలవాటు ఉంది. బండి వస్తే మాట్లాడేవాళ్లు ఆగిపోతారు, బండి పోగానే ఆగిన మాట దగ్గర్నుంచే మళ్లీ అందుకుంటారు. కొత్తగా పోయినవాళ్లకు నవ్వొస్తుంది. అక్క ఆఫీసులో కూడా అంతే చేసేది. ఎవరైనా మధ్యలో అడ్డం పడితే ఆగి, వాళ్లు పోయాక సరిగ్గా ఆ మాట దగ్గర మొదలుపెట్టేది.

నేను వెళ్లేసరికి ఆంటీ మంచం మీద కూర్చుని ఉంది. ఒళ్లో అక్క ఫోన్. దానికి ఛార్జింగ్ వైరు పెట్టే ఉంది.

"తీస్తలేను బిడ్డా. అది బందైతే మళ్ల పోయినట్టే అనిపిస్తది," అంది. తర్వాత నాకొక వాయిస్ మెసేజ్ వినిపించింది.

ఏటూరునాగారంలో ఏదో హాస్టల్ వార్డెనుగా ఉన్న ఒకామె పంపింది. ఒకప్పుడు అక్క వాళ్ల చర్చి సంఘంలోనే ఉండి బదిలీ మీద అటు వెళ్లిన మనిషి. అక్కడ సిగ్నల్ ఉండీ లేనట్టు ఉంటుంది, ఇక్కడి కబుర్లు ఆమెకు చేరవు. "హ్యాపీ బర్త్‌డే బిడ్డా! ప్రభువు నీకు నిండు నూరేండ్ల ఆయుష్షియ్యాలె. గిప్పుడే చర్చి యాప్ల చూసిన. ఇగో, మా పిల్లలు గూడ చెప్తాన్రు," అని, ఆ వెనక హాస్టల్ ఆడపిల్లలంతా కలిసి చప్పట్లు కొడుతూ పాడారు. చివర ఒక పిల్ల నవ్వు ఆపుకోలేక కిసుక్కుమంది.

ఆంటీ ఏడవలేదు. "ఆమెదేం తప్పు? నువ్వే చూడు," అని యాప్ తెరిచింది. పైన ఆ వారం పుట్టినరోజుల వాళ్లు. వేలితో పైకి జరుపుతూ పోతే కింద, చిట్టచివర, 'ప్రభువునందు నిద్రించినవారు', అంటే పోయినవాళ్లు. అందులో అక్క ఫోటో, అక్క పేరు. పక్కన రంగురంగుల బుడగలు, మూడంతస్తుల కేకు, దాని కింద 'హ్యాపీ బర్త్‌డే!'

పైనున్న శీర్షిక తెర దాటిపోతే ఇక కనబడేవి ఫోటో, కేకు మాత్రమే. నాకు ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది. ఎందుకంటే ఇది ఎవరి పగా కాదు, ఎవరి ఎగతాళీ కాదు. రాసేటప్పుడు ఒక్క లైను మరిచిపోతే వచ్చే తప్పు. ఆ ఒక్క లైను కోసం మా అందరి ప్రాణాలు తోడేసిన మనిషి పేరు మీదే అది వచ్చి కూర్చుంది.

మా పని తెలియనివాళ్లకు ఇది చెప్పాలి. ఫోన్లో ఏ యాప్ తెరిచినా వేలితో నెడుతుంటే ఒకదాని కింద ఒకటి వరుసలు వస్తూనే ఉంటాయి కదా, ఆ పొడవాటి పట్టీని మేము టేబుల్ వ్యూ అంటాం. చూసేవాళ్లకు వందల వరుసలు ఉన్నట్టే ఉంటుంది. నిజానికి ఫోన్ తయారుచేసేవి తెరకు పట్టేటన్ని మాత్రమే. పైన కనబడకుండా పోయిన వరుసనే కిందికి తెచ్చి, అందులో కొత్త పేరు, కొత్త ఫోటో నింపి చూపిస్తుంది. పాతది తుడిచే బాధ్యత మాది. తుడవకపోతే ముందువాళ్ల బొమ్మ తర్వాతవాళ్ల పక్కన అంటుకునే ఉంటుంది.

ఇదంతా నాకు అక్క ఒక్క మాటలో చెప్పింది. "మీ ఇంట్ల పెండ్లయితే బంతులు పెడ్తరు గదా. మొదటి బంతిల తిన్న ప్లేటు రెండో బంతోళ్లకు ఎట్ల ఇస్తరు?"

"కడిగి."

"మరి నువ్వు కడిగినవా?"

అలా తుడవని వరుసకు ఆమె పెట్టిన పేరు ఎంగిలి వరుస. అది మా ఆఫీసులో అందరికీ ఊతపదం అయిపోయింది. ఎవరు ఏ పని పూర్తయిందని చెప్పినా ఆమె అడిగే మొదటి మాట, "ప్లేటు కడిగినవా?" కొత్తగా చేరినవాళ్లు టిఫిన్ ప్లేటు గురించి అనుకుని కంగారుగా లేచి నిలబడేవారు.

ఒకసారి హనుమకొండ హోటళ్లకు ఒక యాప్ చేశాం. శాకాహారానికి పచ్చచుక్క, మాంసాహారానికి ఎర్రచుక్క. మొదటి రోజే ఒక టిఫిన్ సెంటర్ యజమాని ఫోన్ చేతిలో పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. "మా ఇడ్లీల మటన్ ఎక్కడికెల్లి వచ్చిందమ్మా? మా నాయిన చూస్తే గుండె ఆగి చస్తడు!" చూస్తే, బిర్యానీ వరుస పైకి పోయి ఇడ్లీ వరుసగా కిందికి దిగింది, ఎర్రచుక్కను వెంట తెచ్చుకుంది. మేమంతా పొట్ట పట్టుకుని నవ్వాం. ఆ యజమాని కూడా చివరికి నవ్వాడు. అక్క మాత్రం కళ్లద్దాలు తీసి చున్నీ కొసతో తుడుచుకుంటూ కూర్చుంది. ఆమెకు కోపం వచ్చిన గుర్తు అది. అద్దాలు తుడవడం అయ్యేదాకా మాట్లాడదు.

"నవ్వకుండ్రి. ఇయ్యాల ఇడ్లీ. రేపు మనిషి," అంది.

అప్పుడు ఆ మాట మాకు పెద్ద మాటలా వినిపించలేదు. అక్క కొంచెం ఎక్కువ చేస్తుంది అని కూడా అనుకున్నాం. చేసేది మరి! ఎవరైనా కోడ్ రాస్తూ దేనికైనా 'టెంప్ టూ' అని అర్థంలేని పేరు పెడితే, "మీ ఇంట్ల పిల్లలకు గూడ గిట్లనే పెడ్తరా పేర్లు?" అని పదిమందిలో అనేది. మెచ్చుకోవడం దగ్గర మహా పిసినారి. బాగుంటే ఏమీ అనదు, అదే మెప్పు అనుకోవాలి. పని చేస్తూ చర్చి పాటలు కూనిరాగం తీసేది, ఒక్క పాటా శ్రుతిలో ఉండేది కాదు. మిర్చి బజ్జీలు తెచ్చుకుని డ్రాయరులో దాచుకుని ఒక్కతే తినేది, ఆ వాసనకు ఆఫీసంతా తిరిగి చూస్తున్నా తనకేమీ తెలియనట్టే ఉండేది.

యాప్‌లో ఏ తెరనైనా మొదలుపెట్టే ముందు కిటికీ దగ్గర నిలబడి బొటనవేలితో వేళ్ల కణుపులు తడుముకుంటూ భాగాలు చెప్పుకునేది. ఈ కణుపు ఇది, ఆ కణుపు అది. ఏ భాగానికి ఆ భాగం విడిగా ఉండాలి. దేని సంగతి అదే చూసుకోవాలి. నేను చేరిన కొత్తలో ఒక తెరకు సంబంధించిన సమస్తం ఒకే ఫైల్లో రాసి చూపించాను. చాలాసేపు చదివింది.

"నువ్వు దుకాణపోళ్ల పిల్లవు. చీరల ర్యాకుల బనీన్లు పెడ్తడా మీ బాపు?"

"పెట్టడు అక్కా."

"గల్లా కాడ కూసున్నోడు చీర మడత పెట్టుకుంట కూసుంటడా? అది తియ్యి అంటడు. ర్యాకు కాడ ఉన్న మనిషి తీస్తడు. అవునా? మరి నీ గల్లా పెట్టె గిన్ని పనులు ఎందుకు చేస్తాంది? పాపం, దానికి తినే టైమన్న ఇయ్యి."

ఆ సాయంత్రం దుకాణంలో నాన్న ఎలా కూర్చుంటాడో, ఎవరు ఏం తీస్తారో నేను మొదటిసారి చూశాను. పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే, అయినా చూడలేదు.

మేనేజరుకు ఆమె పద్ధతి నచ్చేది కాదు. "పని నడుస్తాంది గదమ్మా, ఇంక గింత సోకెందుకు?" అనేవాడు. "నడుస్తది సార్. తర్వాత ఎవలు ఏడుస్తరు?" అనేది. జీతం పెంచేటప్పుడు ఆ ప్రశ్న ఆయనకు గుర్తుండేది.

ఆమెలో నాకు అన్నిటికన్నా గుర్తున్నది వేరు. ఒక రోజు ఫోన్లో ఎవరితోనో పెద్ద గొడవ పెట్టుకుంది. ఫోన్ పెట్టేసింది. అదే సమయానికి నేను ఏదో సందేహం పట్టుకుని పోయి పక్కన నిలబడ్డాను. చేత్తో ఆగమని సైగ చేసి లేచి వెళ్లిపోయింది. తిరిగొచ్చేసరికి మొహం కడుక్కుని ఉంది, నుదుటి మీది వెంట్రుకలు తడిసి ఉన్నాయి. "చెప్పు బంగారం, ఏంది నీ లొల్లి?" అంది.

ఎప్పుడూ ఇంతే చేసేదని తర్వాత గమనించాను. ఒకసారి అడిగేశాను, ఎందుకక్కా ఊకె మొహం కడుగుతవ్ అని.

"వాని మీది కోపం నీకు పెడ్తే నువ్వు తింటవా? ఎంగిలి గదా."

ఇలాంటి మనిషి ఇంకొకరిని నేను చూడలేదు. చూస్తానని ఆశ కూడా లేదు.

చర్చి యాప్ ఆమె తీరిక దొరికిన ఆదివారాల్లో తన సంఘం కోసం తనే కూర్చుని చేసింది. ఏ ఫోనున్నవాళ్లకైనా పనిచేసేలా చేసింది. పుట్టినరోజులు, పెళ్లిరోజులు, ఆరాధన వేళలు, ప్రార్థన మనవులు, అన్నిటికీ కింద నిద్రించినవారు. నాకు చూపించినప్పుడు ఆ చివరి భాగంలో నొక్కడానికి ఏమీ లేకపోవడం చూసి అడిగాను, లైకు బటన్ పెట్టలేదేమని.

"పోయినోళ్లకు లైకులేందే?" అని కసిరింది. తర్వాత కొంచెం మెత్తబడి చెప్పింది. ఆ భాగం వరుసలు పూర్తిగా వేరుగా చేసిందట. వేరే ఏ భాగంలోనూ వాటిని వాడదట. "ఈ ప్లేట్లు వేరే. కడిగినా సరే, కలపద్దు."

ఆ తర్వాత ఆమెకు జబ్బు చేసింది. దాని గురించి రాయను. దవాఖానల చుట్టూ తిరిగే ప్రతి ఇంటికీ ఆ కథ తెలుసు. యాప్ చూసుకునే ఓపిక లేదని తనే సంఘ పెద్దలకు చెప్పింది. వాళ్లు హైదరాబాదులో ఏదో కంపెనీకి అప్పజెప్పారు. వాళ్లు ఉచితంగా చేస్తామన్నారు, త్వరగా చేస్తామన్నారు, కొత్తగా రంగులు వేసి ఇచ్చారు.

చివరిసారి నేను చూడబోయినప్పుడు అక్క గోడకు ఆనుకుని కూర్చుని అదే యాప్‌ను పైకీ కిందికీ జరుపుతూ ఉంది. వేళ్లు సన్నగా అయిపోయాయి.

"చూడు," అని ఫోన్ ఇటు తిప్పింది. ప్రార్థన మనవుల్లో ఒక ముసలాయన పేరు, గుండె ఆపరేషన్ కోసం ప్రార్థించండి అని. ఆ పక్కన కేకు.

"అన్నిటికీ ఒక్కటే ప్లేటు చేసిన్రు. కడుగుతలేరు. మెయిల్ రాసిన. ఏ లైను పెట్టాల్నో గూడ రాసిచ్చిన. ఉలుకు లేదు, పలుకు లేదు." అద్దాలు తీసి తుడుచుకుంది. చాలాసేపు తుడుచుకుంది. "ఇప్పుడైతే మనవుల కాడికే వచ్చింది. పేర్లు పెరిగితే ఇంకా కిందికి దిగుతది."

"దిగనియ్ అక్కా. నీకెందుకు ఫికర్? నువ్వు మంచిగ కానీ ముందుగాల."

ఆమె నా వైపు చూసింది. కింద ఏ భాగం ఉందో మా ఇద్దరికీ తెలుసు. ఇంతలో గూడ్సు బండి వచ్చింది, గిన్నెలు గలగలలాడాయి, ఇద్దరం ఆగిపోయాం. బండి పోయింది. ఆగిన మాట దగ్గర్నుంచి ఆమె మొదలుపెట్టలేదు. ఆ ఇంట్లో అలా జరగడం నేను అదొక్కసారే చూశాను.

ఇప్పుడు ఆంటీ మంచం మీద కూర్చుని నన్ను అడుగుతున్నది ఒక్కటే. "కూడిక లోపట గా కేకు తీసేయించు బిడ్డా. అందరొస్తరు. అందరి చేతుల్ల ఫోన్లుంటయి." వచ్చే వారం జ్ఞాపకార్థ కూడిక. పోయినవాళ్ల పేరున బంధువులు, సంఘం వాళ్లు ఇంటి ముందు కలిసి ప్రార్థన చేసుకుని భోజనం చేస్తారు.

సరేనన్నాను. నాకు వచ్చిన పనే కదా. ఏ ఫైలు, ఏ చోటు, ఏ లైను, అన్నీ కళ్లు మూసుకుని చెప్పగలను. ఆ యాప్ లోపలికి పోయే తాళం మాత్రం హైదరాబాదు వాళ్ల దగ్గర ఉంది.

హైదరాబాదుకు ఫోన్ చేశాను. ఎవరో కుర్ర గొంతు, చాలా మర్యాద. "మా దగ్గర బానే వస్తోంది మేడమ్. ఒకసారి యాప్ తీసేసి మళ్లీ వేసుకోండి."

"కింది దాకా జరిపి చూడండి. నిద్రించినవారి భాగం చూడండి."

జరిపి చూశాడు. "మా టెస్ట్ డేటాలో ఆ సెక్షన్ ఖాళీ మేడమ్. అందుకే రావట్లేదేమో."

పరీక్షించడానికి వాళ్లు పెట్టుకున్న ఉత్తుత్తి పేర్లలో ఎవరూ చచ్చిపోలేదు! పుట్టినరోజులే ఉన్నాయి. ఆ లైను ఏమిటో అక్షరం అక్షరం చెప్పాను. నోట్ చేసుకున్నానన్నాడు. నేనే సరిచేస్తా, లోపలికి దారి ఇవ్వమన్నాను. కుదరదు మేడమ్, పాలసీ అన్నాడు. యాప్ తర్వాతి వెర్షన్ విడుదల చేసేటప్పుడు చూస్తారట, అది ఎప్పుడో తనకు తెలియదట. రోజూ చేశాను. రోజూ అదే మర్యాద. తిట్టినా మర్యాదే. మర్యాదను చూసి గొంతు పిసకాలనిపించడం నాకు అదే మొదలు.

పాస్టరు గారి దగ్గరికి పోయాను. నేను ఆ మతం దాన్ని కాను, అయినా కూర్చోబెట్టి టీ ఇచ్చారు. కూడిక అయ్యేదాకా పుట్టినరోజులు ఆపించమని అడిగాను. "రిజిస్టర్ల ఉన్న తారీఖులు చూసి అదే వేసుకుంటదమ్మా. ఆపే మీట మా దగ్గర లేదు. వాళ్లు ఫ్రీగ చేస్తాన్రు, ఎట్ల గట్టిగ అడుగుతం?" అన్నారు. ఆయన మొహం కూడా పాలిపోయింది. "పేరు తీసేయడమొక్కటి మా చేతుల ఉంది. తీసెయ్యమంటవా?"

అది ఆంటీకి చెప్పాను. "నా బిడ్డ పేరు తీసేస్తరా?" అంది. ఆ మాట నేను మళ్లీ ఎత్తలేదు.

కూడిక రోజు పొద్దున్నే యాప్ తెరిచి చూశాను. కేకు ఉంది.

ఇంటి ముందు షామియానా వేశారు. బల్ల మీద అక్క ఫోటో, పూలదండ. ఆంటీ నా చేయి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. ఒళ్లో ఫోన్. పాట అయింది. పాస్టరు గారు ప్రార్థన మొదలుపెట్టి రెండు మాటలు అన్నారో లేదో గూడ్సు వచ్చింది. ఆయన ఆగారు. అందరూ తలలు వంచి ఆగారు.

ఆంటీ ఫోన్ తెరిచి నా చేతిలో పెట్టింది. "పోయిందా?" అని పెదవులతో అడిగింది.

పోలేదని ఎలా చెప్పను? వేలితో పైకి నెట్టాను, కిందికి లాగాను, మళ్లీ నెట్టాను. వరుసలు తిరిగి తిరిగి వస్తుంటే ఒక్కోసారి ఎంగిలిది ఇంకొక చోట పడుతుంది. అలాగే పడింది. అక్క పేరు పక్కన ఏమీ లేదు. అక్క చేసినప్పుడు ఎలా ఉండేదో అలా, ఒక ఫోటో, ఒక పేరు.

"పోయింది ఆంటీ," అని చూపించాను.

ఆమె చూసింది. ఆమె కళ్లలో ఎంత నెమ్మది వచ్చిందో చెప్పలేను. తర్వాత ఆ చూపు ఒక వరుస కిందికి దిగింది. అక్కడ రైల్వేలో గార్డుగా చేసి రిటైరై, ఈ మధ్యే పోయిన ఒక పెద్దాయన పేరు. కేకు ఆయన పక్కన ఉంది.

ఆంటీ తలెత్తింది. మాకు ముందు కుర్చీలో తెల్లచీరలో ఒకామె తల వంచుకుని కూర్చుని ఉంది.

"గిది ఆమె పెనిమిటి పేరు గదా," అంది నా చెవిలో.

"ఆంటీ, అది ఈ ఫోన్లనే గట్ల కనబడ్తాంది. ఆమె ఫోన్ల వేరేగ..."

ఆమె వినడం లేదు. "వద్దు బిడ్డా. ఆమెకు గూడ ఎవలో పాట పాడి పంపుతరు. ఆ కేకును మన దిక్కే తే."

నా వేలు కదల్లేదు. ఆంటీ ఫోన్ తీసుకుంది. అలవాటు లేని బొటనవేలితో పైకి నెట్టింది, కిందికి లాగింది. కేకు ఎక్కడెక్కడో తేలింది. మళ్లీ నెట్టింది, మళ్లీ లాగింది. చివరికి అది తన బిడ్డ పేరు పక్కకు వచ్చి ఆగింది. అప్పుడు ఫోన్‌ను ఒళ్లో బోర్లా పెట్టి, రెండు చేతులూ దాని మీద పెట్టుకుంది.

గూడ్సు బండి వెళ్లిపోయింది. పాస్టరు గారు ఆగిన మాట దగ్గర్నుంచే ప్రార్థన అందుకున్నారు. అందరూ కళ్లు మూసుకున్నారు. ఆంటీ కూడా మూసుకుంది.